నయాగరా వంతెన మీద మామిడిపండు

నయాగరా చూడడానికి గుంపుగా బయలుదేరే అమెరికా తెలుగువాళ్ళ బండిలో ఏముంటాయో వేరే చెప్పనక్కరలేదు. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా, పిల్లలకు అరటిపళ్ళు. వీసాలున్నవాళ్ళు వంతెన దాటి కెనడా వైపు కూడా చూసి, టొరంటోలో ఒక రాత్రి గడిపి వస్తారు. తిరుగుదారిలో అమెరికా అధికారి అడిగే ప్రశ్నల్లో ఒకటి ఎప్పుడూ ఉంటుంది: పళ్ళు, కూరగాయలు ఏమైనా తెస్తున్నారా? మనవాళ్ళలో కొందరికి అది అవమానంగా తోస్తుంది. కానీ ఆ ప్రశ్న మన కోసం పుట్టింది కాదు.

టోక్యో నగరం స్నేహచిహ్నంగా పంపిన రెండువేల చెర్రీ మొక్కలు 1910 జనవరిలో వాషింగ్టన్ చేరాయి. వ్యవసాయ శాఖవారు పరీక్షించి చూస్తే వాటి నిండా పురుగులే. అధ్యక్షుడు టాఫ్ట్ అనుమతితో జనవరి 28న ఆ కానుకను గుట్టలుగా పోసి తగలబెట్టారు. రెండు ప్రభుత్వాల మధ్య ఎంత ఇబ్బందికరమైన సందర్భమో ఊహించుకోవచ్చు. జపాన్ వారు నొచ్చుకోకుండా 1912లో ఆరోగ్యమైన మొక్కలు 3,020 పంపారు. వాషింగ్టన్‌లో నేటికీ జనం వసంతంలో చూడబోయే చెర్రీ పూల సంబరం ఆ రెండో కానుక చలవే. అదే ఏడాది ఆగస్టులో అమెరికా మొక్కల క్వారంటైన్ చట్టం చేసింది.

అప్పటికి అమెరికాయే ఇతరులకు పురుగులను పంచిన దేశమన్నది ఇందులోని తమాషా. ఫ్రాన్స్ ద్రాక్షతోటలను 1860ల నుంచి నాశనం చేసిన ఫిలాక్సెరా వెళ్ళింది అమెరికా నుంచే. పొలుసు పురుగు భయంతో జర్మనీ 1898లో అమెరికా పళ్ళను అడ్డుకుంది. మన దేశంలోనూ 1914లోనే ఇటువంటి చట్టం వచ్చింది.

ఇక మామిడి సంగతి. పండు ఈగ, టెంక పురుగు అనే రెండు శత్రువుల వల్ల మన మామిడికి అమెరికాలో చాలాకాలం ప్రవేశం లేదు. కెనడా చలికి ఉష్ణదేశపు పురుగులు బతకలేవు. అక్కడ మన పళ్ళు దుకాణాల్లో దొరికేవి. ఒకే పండు నదికి ఒక గట్టున భోజనం, రెండో గట్టున నేరం! కెనడాలో కొన్నంత మాత్రాన అది కెనడా పండు కాదు; ఎక్కడ పండిందన్నదే లెక్క. వంతెనకు ముందే బండి ఆపి అందరూ తినేస్తే సరిపోతుందనుకుంటారు గాని, టెంక పురుగు ఉండేది టెంకలోనే. ఆ టెంక బండిలోని చెత్తసంచిలో ఉంటే తిన్నా తినకపోయినా ఒకటే.

2006 మార్చిలో బుష్ ఢిల్లీ వచ్చినప్పుడు మామిడికి దారి తెరవాలని ఒప్పందం కుదిరింది. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో ప్రధానంగా ఉల్లిపాయలు మొలకెత్తకుండా కట్టిన కేంద్రంలో 400 గ్రేల మోతాదు గామా కిరణాలు సోకిన పళ్ళు 2007 ఏప్రిల్‌లో అమెరికా చేరాయి. ఆ చికిత్స పొందని పండుకు మాత్రం తలుపు తెరుచుకోలేదు.

మామిడికన్నా కరివేపాకు కథ బరువైనది. అది నిమ్మ, నారింజల కుటుంబంలోనిదే. సిల్లా అనే చిన్న పురుగుకు దాని చిగుళ్ళంటే మహా ఇష్టం. ఆ పురుగు 1998లో ఫ్లోరిడాలో కనబడింది. అది మోసే గ్రీనింగ్ తెగులు 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజలు పండించిన ఫ్లోరిడా, తెగులుతో పాటు తుఫానులు కూడా తోడై, 2023-24కి రెండు కోట్ల లోపుకు దిగిపోయింది. తోటలమ్ముకున్న రైతుకు ఒక రెమ్మ ఎంత చిన్నదో చెప్పి ఒప్పించలేం.

గుంపు ప్రయాణంలో చిక్కేమిటంటే, చక్రం పట్టినవాడు అందరి తరఫునా "ఏమీ లేవు" అనేస్తాడు; వెనక సీటులో ఎవరో అత్తగారి సంచిలో రెండు రెమ్మలుంటాయి. ఉన్నాయని ముందే చెబితే, తేకూడనివైతే అధికారి తీసి చెత్తబుట్టలో వేస్తాడు, అంతే. చెప్పకుండా దొరికితేనే జరిమానా. కాబట్టి కెనడా వైపు గట్టునే ఒకసారి బండి ఆపి, అత్తగారితో సహా అందరి సంచులూ అడగడం మేలు.