పోరు బొంగరాలు: నత్తగుల్ల నుంచి ప్లాస్టిక్ పెట్టె దాకా

ఏజెన్సీ సంతకు పిల్లవాడిని వెంట తీసుకెళితే ఉప్పు, ఎండుచేపలు, బట్టల దుకాణాలన్నీ దాటి వాడి కళ్లు రంగురంగుల ప్లాస్టిక్ బొంగరాల దగ్గర ఆగుతాయి. వీటికి తాడు చుట్టే పని లేదు. పళ్లున్న పట్టీని పిడిలో దూర్చి లాగితే చాలు, గిర్రున తిరిగి ఎదుటి బొంగరాన్ని గుద్దుతుంది. ఏ కంపెనీదైనా పిల్లలు దాన్ని బేబ్లేడ్ అనే అంటారు. ఇందులో ఏది కొనాలని అడిగే తల్లిదండ్రులకు ముందుగా దాని పుట్టుక చెప్పాలి. ఆ ఆట కంపెనీలో పుట్టలేదు.

జపాన్‌లో ఒక రకం సముద్రపు నత్తను 'బై' అంటారు. బొంగరాన్ని 'కోమా' అంటారు. పూర్వం అక్కడి పిల్లలు ఖాళీ నత్తగుల్లలో ఇసుక నింపి, మైనంతో మూసి, తాడు చుట్టి తిప్పేవారు. అదే బైగోమా, వాడుకలో బేగోమా. తర్వాత గుల్ల పోయి లోహం వచ్చింది. మొదట సీసం, ఆపైన పోత ఇనుము. టోక్యో పక్కనున్న కవాగుచి పట్టణపు పోత కార్ఖానాలు వీటికి పేరుపొందాయి. తొట్టి మీద గుడ్డ బిగించి, దాని మీద ఇద్దరు బొంగరాలు వదిలేవారు. బయటికి ఎగిరిపోయింది ఓడినట్టు. గెలిచినవాడు ఓడినవాడి బొంగరం తీసుకునేవాడు. అందుకే పిల్లలు ఆకురాయితో అంచులు అరగదీసి, ఎత్తు తగ్గించి, ఎవరి బొంగరాన్ని వారు పోరుకు తయారు చేసుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇనుమంతా ఆయుధాలకు పోతే మట్టితో కాల్చిన బేగోమాలు వచ్చాయి. ఆట మాత్రం ఆగలేదు.

1999లో టకారా అనే కంపెనీ ఆ ఆటనే బేబ్లేడ్‌గా మార్చి అమ్మింది. తకావో అవోకి బొమ్మల కథ, 2001లో వచ్చిన టీవీ కార్టూను దాన్ని దేశదేశాలు తిప్పాయి. ఇందులో మోసమేమీ లేదు. అయితే ఒక మార్పు జరిగింది. ఒకప్పుడు పిల్లవాడు ఆకురాయితో చేసుకున్న పనికి ఇప్పుడు ఇంకో విడిభాగం కొనాలి. అరగదీసే చేయి పోయి, కొనే చేయి మిగిలింది.

మన గూడేల్లోనూ ఇదే కథ. చేవదేలిన కర్రముక్కను తాతో, మామో కత్తితో చెక్కి, కింద మేకు దిగ్గొట్టి ఇచ్చేవారు. నేల మీద బరి గీసి, లోపలున్న బొంగరాన్ని గురిచూసి కొట్టడమే పోరు. ఓడిన బొంగరానికి గాట్లు పడేవి, ఒక్కోసారి నిలువునా చీలేది. చీలితే మళ్లీ చెక్కాలి. ఏ కర్ర పగులుతుంది, ఏది నిలుస్తుంది, మేకు వెంట్రుకవాసి పక్కకు దిగితే బొంగరం ఎలా తూలుతుంది అన్న చదువంతా ఆటలోనే వచ్చేది.

ఆ చదువు తగ్గడానికి ప్లాస్టిక్ ఒక్కటే కారణం కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు మీద కత్తి వేయడాన్ని నేరం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, లక్క, వెదురు వంటి చిన్న అటవీ ఫలసాయం మీద మనకు హక్కు ఇచ్చింది గానీ, కలపను అందులో చేర్చలేదు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయింది. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలు చేసే అధీకృత కళాకారులకు మినహాయింపు ఉంది. 2017లో ఆ గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలు ఈ కోవలోవే. అంకుడు కర్రకు లక్క రంగు పూసి చేసే ఆ బొంగరాలు అందరికీ తెలుసు. కానీ గూడెంలో బొంగరం చెక్కే తాత పేరు ఏ జాబితాలోనూ లేకపోతే, సంతలో దాన్ని అమ్ముకోవడానికి ఆయనకు చట్టం అడ్డు.

కాబట్టి ఎంపిక మాట. ప్లాస్టిక్‌ది కొంటే ముద్ర చూడండి, వయసు చూడండి. ఊడి నోట్లోకి పోయే ముక్కలున్నది చంటిపిల్లలున్న ఇంటికి వద్దు. అంతకన్నా ముఖ్యం, విప్పి మళ్లీ బిగించుకోగలిగినదే తీసుకోండి. కర్ర బొంగరమైతే నునుపుగా చెక్కిందీ, మేకు కదలనిదీ ఇవ్వండి. మేకు మొన పదునుగా ఉంచకండి. కొట్టేటప్పుడు చిన్నపిల్లల్ని బరికి దూరంగా నిలబెట్టండి.

ప్లాస్టిక్‌ది కొన్న ఇంట్లో కూడా ఒక కర్ర బొంగరం ఉండాలి. దాన్ని పిల్లవాడి ఎదుటే చెక్కండి, కర్ర పేరు మన భాషలో చెప్పండి. చెక్కే తాతల పేర్లు హస్తకళల శాఖలో నమోదు చేయించే పనిని మన చదువుకున్న యువకులు తలకెత్తుకోవాలి. జపాన్‌లో పిల్లల నత్తగుల్లకు చరిత్ర రాసినవారు ఉన్నారు. మన కర్ర బొంగరం చరిత్ర మనమే రాసుకోవాలి.