‘నేని’లో దాగిన నాయుడు

2024 శాసనసభ ఎన్నికల్లో పల్నాడు జిల్లా ఏడు నియోజకవర్గాల నుంచి గెలిచినవాళ్ళ ఇంటిపేర్లను, పార్టీల సంగతి పక్కనబెట్టి, ఒక వరసలో రాసుకుంటే ఇలా ఉంటాయి: జూలకంటి, యరపతినేని, గోనుగుంట్ల, చదలవాడ, ప్రత్తిపాటి, కన్నా, భాష్యం. ఇందులో నాలుగింటి వెనుక ఊరు కనిపిస్తుంది. పిడుగురాళ్ల మండలంలో జూలకల్లు ఉంది, గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు ఉంది, ప్రకాశం జిల్లాలో చదలవాడ ఉంది. గోనుగుంట్ల వినగానే ఏదో గుంట ఒడ్డున వెలిసిన పల్లె తోస్తుంది. భాష్యం అంటే చదువుకు సంబంధించిన మాట. కన్నా అనేది మనిషి పేరో మరొకటో తేల్చి చెప్పడం కష్టం. మిగిలింది యరపతినేని. ఆ పేరు ఊరిని చూపించదు, మనిషిని చూపిస్తుంది. యరపతి అనే నాయుడొకడు ఎప్పుడో ఉండేవాడని, ఈ ఇంటివాళ్ళు అతని సంతతి అని చెబుతుంది.

ఏడింట నాలుగు ఊళ్ళవి, ఒకటి తండ్రిది. ఏడు పేర్లతో లెక్క కట్టడం సరదాకే గానీ శాస్త్రానికి నిలవదు. అయినా పల్నాట ఏ పెళ్ళి పందిట్లో కూర్చుని చుట్టూ ఉన్నవాళ్ళ ఇంటిపేర్లు అడిగినా ఇంచుమించు ఇదే తీరు. ఊరిపేర్లది పైచేయి. తండ్రి పేర్లు తక్కువగా, కాస్త ముసుగేసుకుని ఉంటాయి.

ముసుగు ఎలాంటిదో తెలియాలంటే ముందు కాస్త వ్యాకరణంలోకి దిగాలి. తెలుగు ఇంటిపేరు చాలావరకు షష్ఠిలో ఉంటుంది. ‘ఎవరి’, ‘ఎక్కడి’ అన్న ప్రశ్నకు జవాబుగా నిలబడుతుంది. ఇల్లు ఇంటి అయినట్టు, ముల్లు ముంటి అయినట్టు, కల్లు కంటి అవుతుంది. అందుకే జూలకల్లు వాళ్ళు జూలకంటి వాళ్ళయ్యారు. పాడు పాటి అవుతుంది కనక ప్రత్తిపాడు ప్రత్తిపాటి అయింది. పల్నాడే చూడండి, వీరుల పక్కన చేరగానే పల్నాటి అయిపోతుంది. పుల్లరి పన్ను కట్టబోమని నిలబడి 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు తూటాలకు బలైన హనుమంతు ఇంటిపేరు కన్నెగంటిలోనూ ఇదే మూస వినిపిస్తుంది. ఆ మాటకొస్తే ‘ఇంటిపేరు’ అనే మాటే ఈ మూసలో పోతపోసింది.

‘నేని’ కూడా అంతే. నాయకుడు వాడుకలో నాయుడు అయ్యాడు, ఇంకా అరిగి నేడు, నీడు అయ్యాడు. గోదావరి, కృష్ణా తీరాల్లో గంగినీడు, రామినీడు, వెంకన్నీడు అనే మగవాళ్ళ పేర్లు మొన్నమొన్నటిదాకా మామూలే. పల్నాటి వీరుల కథలోని బ్రహ్మనాయుణ్ణి బ్రహ్మనీడు అనడమూ ఉంది. రాముడు ‘రాముని’ అయినట్టు, తమ్ముడు ‘తమ్ముని’ అయినట్టు, నేడు ‘నేని’ అయింది. గంగినీడు పిల్లలు గంగినేని వారు, రామినీడు పిల్లలు రామినేని వారు. ఆ పిల్లల పిల్లలకు గంగినీడు ఎవరో తెలియకపోయినా, అతని పేరు చివర ఉన్న ‘ని’ మాత్రం వాళ్ళ వెంట నడుస్తూనే ఉంది.

తండ్రి పేరు దాక్కునే చోటు ‘నేని’ ఒక్కటే కాదు. నరసరావుపేట రాజకీయాల్లో తెలిసిన గోపిరెడ్డి అనే ఇంటిపేరుకు ముసుగు కూడా లేదు. గోపిరెడ్డి అంటే గోపిరెడ్డే. 2024లో నరసరావుపేట శాసనసభ పోటీ, ఇంటిపేర్ల కంటితో చూస్తే, ఒక ఊరికీ ఒక తండ్రికీ మధ్య జరిగింది: చదలవాడ, గోపిరెడ్డి. మాచర్లలో మాత్రం రెండు వైపులా ఊళ్ళే. జూలకంటికి ఎదురు నిలిచిన పిన్నెల్లి కూడా మాచవరం మండలంలోని పల్లె పేరు.

రెడ్డిలాగే శెట్టి, రాజు, బోయిన, ప్రగడ, భొట్ల అన్నీ ఒక మనిషి పేరు చివర చేరి, అతని తర్వాత ఇంటికి అంటుకున్న మాటలు. పల్నాటి వీరుల కథను ఊరూరా పాడే వీరవిద్యావంతుల్లో అలిశెట్టి గాలెయ్య ఒకరు. ఆయన పాడిన కథను అమెరికన్ పండితుడు జీన్ రోగెయిర్ ఇంగ్లీషులోకి తెచ్చి, అధ్యయనంతో కలిపి 1982లో పుస్తకంగా వేశాడు. అలిశెట్టి అనే ఇంటిపేరు కూడా ఎవరో ఒక శెట్టిని తలుచుకుంటున్నట్టే ఉంటుంది. అదే కథ కావ్యరూపాన్ని 1911లో పరిష్కరించి అచ్చువేసినవాడు గుత్తికొండలో పుట్టిన అక్కిరాజు ఉమాకాంతం. అక్కిరాజు కూడా ఒక మనిషి పేరే. పాడినవాడికీ అచ్చువేసినవాడికీ ఇద్దరికీ ఇంటిపేరులో ఊరు లేకపోవడం, మనిషే ఉండడం కాకతాళీయమే. అయినా ఒక వీరకథ విషయంలో అది ముచ్చటగానే ఉంది.

ఆ కథలోనే ఇంటిపేర్ల అవసరం ఎందుకొచ్చిందో ఊహించుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. చందవోలు రాజు కూతురు మైలమదేవిని పెళ్ళాడి పల్నాడును అరణంగా పొందిన అనుగురాజుకు మరో ఇద్దరు భార్యలున్నారు. వాళ్ళలో ఒకామె కొడుకుల పేర్లు పెదమలిదేవుడు, పినమలిదేవుడు, బాలమలిదేవుడు. ఒకే ఇంట్లో ముగ్గురు మలిదేవులు! రాజుల ఇంట్లోనే పేర్లకు అంత కరువైతే, తాత పేరే మనవడికి పెట్టే పల్లెటూళ్ళో ఎంతమంది గోపిరెడ్డులు, ఎంతమంది రామినీళ్ళు ఉండి ఉంటారో. ‘ఏ రామినీడు?’ అన్న ప్రశ్నకు ‘ఫలానా ఊరినుంచి వచ్చినవాడు’ అనేది ఒక జవాబు. వలస వచ్చినవాళ్ళకు అది సరిపోతుంది. తరతరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్నవాళ్ళకు సొంత ఊరి పేరు గుర్తుగా పనికిరాదు, ఎందుకంటే అందరిదీ అదే ఊరు. అలాంటిచోట ‘ఫలానావాడి కొడుకు’ అనాల్సిందే. ఊరిపేరు ఇంటిపేరుగా ఉందంటే తరచు ఆ ఇంటివాళ్ళు ఆ ఊరు వదిలి వచ్చారని అర్థం. తండ్రి పేరుకు అలాంటి ప్రయాణం అక్కర్లేదు.

కథలో ముఖ్యులను చూసినా గుర్తులు కలగాపులగంగానే ఉంటాయి. బ్రహ్మనాయుడికి రేచర్ల, నాగమ్మకు ఆర్వెల్లి. కన్నమదాసు పేరు ముందు ఇంటిపేరు లేదు, కులం పేరుంది. కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున 1182లో జరిగిందంటున్న ఆ యుద్ధాన్ని తలుచుకుంటూ ఏటా కార్తీక అమావాస్యకు వీరారాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులు నడిచే ఆ ఉత్సవంలో పీఠాధిపత్యం పిడుగు వారి ఇంటిది. ఆ పేరులో ఊరూ లేదు, తండ్రీ లేడు.

ఇంటిపేరు వినగానే కులం చెప్పేయొచ్చని ధీమా పడేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. అమరావతిని కట్టించిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి పేరులో మొదట రెడ్డి ఉంది, చివర నాయుడు ఉంది, ఆయన కులం కమ్మ. ఇదేమీ వింత కాదు. కాకతీయుల కాలపు శాసనాలను పరిశీలించిన చరిత్రకారిణి సింథియా టాల్బాట్, రెడ్డి, నాయక, సెట్టి, బోయ, రాజు వంటివి అప్పట్లో హోదాను, వృత్తిని తెలిపే మాటలని, ఒకే కుటుంబంలో తండ్రికి ఒకటి, కొడుకుకు మరొకటి ఉన్న సందర్భాలున్నాయని చూపించింది. ఆ శాసనాల్లో బోయలు గుడి పశువులను కాసి, అఖండదీపానికి నెయ్యి పోసే బాధ్యత తీసుకున్న కాపరులు. పల్నాటి యాదవుల ఇంటిపేర్ల చివర ‘బోయిన’ తరచు వినబడడానికి మూలం ఆ వైపే ఉండొచ్చు. హోదా మాట ఇంటిపేరులో గడ్డకట్టాక కులం దాన్ని సొంతం చేసుకుంది. వరస అది, తలకిందులుగా కాదు.

నరసరావుపేట పేరు కూడా ఈ లెక్కలో చేర్చుకోదగ్గదే. అక్కడ ముందున్న పల్లె పేరు అట్లూరు. మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేరు మీద అది నరసరావుపేట అయింది. మల్రాజు కూడా మనిషి పేరులాగే ఉండే ఇంటిపేరు. అంటే ఊరిపేరు చెరిపి మనిషి పేరు పెట్టినవాళ్ళ ఇంటిపేరులోనే ఇంకో మనిషి ఉన్నాడు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. ఆ తర్వాత పదిపదిహేనేళ్ళలో జమీందారీలు కుంపిణీ చేతికి పోయాయి. పేట మాత్రం పేరు మార్చుకోలేదు, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాకు కేంద్రం కూడా అయింది. అట్లూరు ఆ చోటు నుంచి మాయమైనా అట్లూరి అనే ఇంటిపేరు తెలుగునాట బతికే ఉంది. అయితే అట్లూరు పేరుతో ఊళ్ళు ఒకటికి మించి ఉన్నాయి కనక అట్లూరి వారందర్నీ నరసరావుపేటకు కట్టేయలేం.

ఇక జనాభా సంగతి. 2011 జనగణన ప్రకారం ఇప్పటి పల్నాడు జిల్లా పరిధిలో ఉన్నవాళ్ళు 20.4 లక్షలు. ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు, అక్షరాలొచ్చినవాళ్ళెందరు, ఎవరు సేద్యం చేస్తారు, ఎవరు కూలికి పోతారు, అన్నీ మండలాల వారీగా, ఊళ్ళ వారీగా దొరుకుతాయి. ఏ ఇంటిపేరువాళ్ళు ఎందరో దొరకదు. లెక్కలవాళ్ళు ఇంటికొచ్చి ప్రతి మనిషి పేరూ రాసుకుపోతారు గానీ ఇంటిపేర్లను వేరుచేసి పట్టికలు వేయడం మన దగ్గర లేదు.

ఇతర దేశాల్లో ఉంది. 2015 జనగణనలో దక్షిణ కొరియా లెక్కగట్టిన కిమ్‌లు 1,06,89,959 మంది, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా. అమెరికా జనగణన శాఖ 2010 లెక్కల్లో కనీసం వందమందికి ఉన్న ఇంటిపేర్లన్నీ ప్రకటిస్తే 1,62,253 తేలాయి. అందులో రెండో స్థానం జాన్సన్‌ది, 19,32,812 మంది. జాన్సన్ అంటే జాన్ కొడుకు, మన గోపిరెడ్డి లాంటిదే. ఐస్‌లాండ్‌లో ఈనాటికీ తండ్రి పేరు మారితే ఇంటిపేరూ మారుతుంది. తాతకొకటి, తండ్రికొకటి, కొడుకుకొకటి. డెన్మార్క్‌లోనూ అలాగే ఉండేది. 1828లో ప్రభుత్వం ఉత్తర్వు వేసి, కుటుంబానికి ఒకే పేరు నిలిచి ఉండాలంది. పల్నాటిలో అలాంటి ఉత్తర్వేమీ రాలేదు. కరణాల దస్తరాల్లోనూ, పెళ్ళి సంబంధాల్లోనూ నలిగి నలిగి పేర్లు వాటంతటవే గట్టిపడ్డాయి. ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నదమ్ముల లెక్క, వాళ్ళ మధ్య సంబంధం కుదరదు అన్న పట్టింపు ఒక్కటి చాలు, పేరును తరాలపాటు మారకుండా కాపాడడానికి.

సముద్రం దాటిన నాయుడికి మాత్రం ఇంకో దారి దొరికింది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు వెట్టి ఒప్పందాల మీద వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామందికి అక్కడి కాగితాల్లో ఊరిపేరు, ఇంటిపేరు రాలిపోయాయి, పేరు చివరి మాటే మిగిలింది. డర్బన్‌లో ఇప్పుడు నాయుడూ అనే ఇంటిపేరు అతి మామూలు. ఒకే మాట పల్నాటిలో ‘నేని’గా కుదించుకుపోయి మరో పేరు వెనుక నక్కింది, హిందూ మహాసముద్రం అవతల దీర్ఘం తీసుకుని తానే ఇంటిపేరై కూర్చుంది.

అమెరికా వెళ్ళిన పల్నాటి పిల్లలకు చిక్కు వేరే రకం. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. అక్కడి దరఖాస్తులో ఇంటిపేరు గడి చివర్లో ఉంటుంది. కొందరి కాగితాల్లో తండ్రి పేరు చివరనున్న రావో రెడ్డో ఇంటిపేరు గడిలోకి చేరి, పిల్లలకూ అదే ఇంటిపేరైపోయింది. అంటే ఈనాటి తండ్రి పేరులోని ముక్క కొత్తగా ఇంటిపేరవుతోంది, ఎప్పుడో రామినీడుకు జరిగినట్టే.

స్వగ్రామంలో పొలం అమ్మినప్పుడు మాత్రం పాత వరసే. దస్తావేజులో అమ్మేవాడి పేరు ఇంటిపేరుతో మొదలవుతుంది, వెంటనే ‘ఫలానా వారి కుమారుడు’ అని వస్తుంది, ఆ తర్వాత వయసు, వృత్తి, నివాసం. గోపిరెడ్డి వారి ఇంటి దస్తావేజైతే ఒకే వాక్యంలో ఇద్దరు తండ్రులు పక్కపక్కన నిలబడతారు. ఒకాయన ఏ కాలంవాడో ఎవరికీ తెలియదు. రెండో ఆయన పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం ఉంది.