బాయిలర్ల ఫ్యాక్టరీ నుంచి స్కానింగ్ గదికి

1955 జులైలో గ్లాస్గో దగ్గరి రెన్‌ఫ్రూలో ఉన్న బాయిలర్ల ఫ్యాక్టరీకి ఒక వైద్యుడు కార్ల డిక్కీల్లో వింత సరకు పట్టుకెళ్లాడు. అవి ఆపరేషన్లలో తీసిన గర్భాశయపు కణుతులు, అండాశయపు నీటితిత్తులు. ఇనుములో పగుళ్లను శబ్దతరంగాలతో పసిగట్టే యంత్రం ఆ ఫ్యాక్టరీలో ఉంది. కణితికీ నీటితిత్తికీ తేడా అది చెప్పగలదా అన్నది ఆయన ఆరా. పోల్చి చూసేందుకు ఫ్యాక్టరీవాళ్లు ఓ పెద్ద మాంసపు ముక్క కూడా ఇచ్చారు. ఒక్కోదాని ప్రతిధ్వని ఒక్కో తీరుగా వచ్చింది. ఆయన ఇయన్ డొనాల్డ్. మూడేళ్లకు, 1958 జూన్‌లో, ఇంజినీరు టామ్ బ్రౌన్, డాక్టర్ జాన్ మెక్‌వికార్‌లతో కలిసి లాన్సెట్ పత్రికలో శబ్దతరంగాల స్కానింగ్‌పై ఆయన రాసిన వ్యాసం ప్రసూతి వైద్యం దారినే మళ్లించింది.

గర్భానికి నెలలు లెక్కకట్టాలని మాత్రం డొనాల్డ్ మొదలుపెట్టలేదు. అందుకు హైడెల్‌బర్గ్ ప్రొఫెసర్ ఫ్రాంజ్ నేగెలె పేరిట ఓ సూత్రం 19వ శతాబ్దం నుంచే ఉంది. చివరి నెలసరి తేదీకి మూడు నెలలు వెనక్కి వెళ్లి, ఏడు రోజులు కలపాలి. జూన్ 10 అయితే కాన్పు మరుసటి ఏడు మార్చి 17. మొత్తం 280 రోజులు. అయితే నెలసరి మొదటి రోజు నుంచా, ఆఖరి రోజు నుంచా అన్నది ఆయన తేల్చి రాయలేదు! మొదటి రోజన్నది తర్వాత స్థిరపడింది.

ఆ లెక్కలో ఇంకో తిరకాసుంది. గర్భం నిలిచేది సాధారణంగా నెలసరి మొదలైన రెండు వారాలకు కాబట్టి, రెండు నెలలని మనం అనుకునేసరికి పిండం వయసు దాదాపు ఆరు వారాలే. నెలసరి 28 రోజులకు రానివాళ్లకు సూత్రం తప్పుతుంది. పాలిస్తూ, నెలసరి మళ్లీ మొదలవకముందే గర్భం దాల్చిన తల్లికైతే చెప్పడానికి తేదీయే ఉండదు. అలాంటప్పుడు గర్భసంచి బొడ్డు దాకా వచ్చిందా అని చేత్తో చూసి, బిడ్డ ఎప్పుడు కదిలిందో అడిగి అంచనా వేసేవారు. కదలిక మొదటి కాన్పులో ఆలస్యంగా, తర్వాతి కాన్పుల్లో ముందుగా తెలుస్తుంది కాబట్టి అదీ అంత నమ్మకమైన ఆధారం కాదు.

ఈ చిక్కు విప్పింది స్కానింగే. దానికి ముందు నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటే విసుక్కోనివాళ్లుండరు. ఆ చిట్కా కూడా డొనాల్డ్ బృందానిదే. నిండిన మూత్రాశయం తెరుచుకున్న కిటికీలా పనిచేసి, తొలి వారాల పిండాన్ని చూపించింది. 1973లో అదే గ్లాస్గోలో హ్యూ రాబిన్సన్ పిండాన్ని నడినెత్తి నుంచి పిరుదుల దాకా కొలిచి వయసు కట్టాడు. మొదటి మూడు నెలల్లో పిండాలన్నీ ఇంచుమించు ఒకే వేగంతో ఎదుగుతాయి. అందుకే ఆ కొలత అయిదు రోజులు అటూ ఇటూగా నిలబడింది. నెలలు పెరిగేకొద్దీ బిడ్డల మధ్య తేడా పెరిగి స్కాన్ పదును తగ్గుతుంది. ఏడో నెలలో తొలి స్కాన్ తీయించి తేదీ అడిగితే డాక్టరు తటపటాయించేది ఇందుకే.

మన దగ్గర తల్లీబిడ్డల కార్డులో ఆశా కార్యకర్త ఇప్పటికీ ముందు అడిగి రాసుకునేది చివరి నెలసరి తేదీనే. తొలినాళ్ల స్కాన్‌తో అది వారానికి మించి తేడా పడితే వైద్యులు సాధారణంగా స్కాన్ తేదీకే మొగ్గుతారు. స్కాన్ కొలతల నుంచి వయసు కట్టడానికి ఆసుపత్రుల్లో వాడుతున్న సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల స్త్రీల కొలతలతో కట్టినవి. గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రికి వచ్చిన గర్భిణుల కొలతలతో తయారుచేసిన ‘గర్భిణి-జీఏ2’ అనే సూత్రాన్ని ఐఐటీ మద్రాస్, ఫరీదాబాద్‌లోని ఓ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2024లో ప్రకటించారు. అది నాలుగో నెల నుంచి కాన్పు దాకా వయసు కట్టడానికి ఉద్దేశించింది.