సోరియాసిస్: చర్మకణం నుండి గ్రాహకం వరకు

చర్మంపై ఎర్రని మచ్చలు లేచి, వాటిమీద వెండివంటి పొలుసులు రాలే వ్యాధిని సోరియాసిస్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు. అయినా యూరపులో చాలాకాలం దీనిని కుష్ఠుతో కలిపి చూశారు. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా రెంటినీ వేరుచేశాడు. ఆ పొరపాటు పుస్తకాలలో పోయింది గాని జనంలో పూర్తిగా పోలేదు. జైనూర్‌లోనైనా, హైదరాబాదులోనైనా, మచ్చలున్న పిల్లవాణ్ణి వేరే బల్లమీద కూర్చోబెట్టవలసిన పనిలేదని ఉపాధ్యాయులు ముందుగా గ్రహించాలి.

ఈ వ్యాధికి పేరుపడ్డ మందులలో ఒకదాని మూలం ఒక తెలుగువాని పరిశోధనాలయంలో ఉన్నది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన బృందం, ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. 1948లో బోస్టనులో ఫార్బర్ దానిని రక్తపు కాన్సరు గల పిల్లలకు వాడాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. 1951లో గబ్నర్ అనే వైద్యుడు దానినే కీళ్ళవాతానికి ఇస్తూ, చర్మంపై పొలుసులు కూడా తగ్గడం గమనించాడు. దానికి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

మందు పనిచేసింది, సరే, ఎందుకు పనిచేసింది? మామూలుగా చర్మకణం అడుగునుండి పైకి రావడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్‌లో నాలుగైదు రోజులే. మందు కణవిభజనను ఆపేది గనుక దోషమంతా చర్మకణానిదే అనుకున్నారు. సబబైన ఊహే. కాని 1979లో సైక్లోస్పోరిన్ వాడినప్పుడు కూడా పొలుసులు తగ్గాయి. అది, మార్చిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా, టి-కణాలనే రక్షకకణాలను అణచే మందు! దానితో దృష్టి వాటిపైకి మళ్ళింది.

వాటిని లేపేదెవరు? జవాబుకు దారి పండ్ల ఈగలో దొరికింది. టోల్ అనే గ్రాహకం లేని ఈగ బూజు సోకి చస్తుందని 1996లో ఫ్రాన్సులో హాఫ్‌మన్ బృందం చూపింది. అటువంటిదే ఎలుకలో బాక్టీరియాను పసిగడుతుందని 1998లో బాయిట్లర్ చూపాడు. 2011 నోబెల్ బహుమతిలో వీరిద్దరికీ వాటా దక్కింది.

గ్రాహకమంటే కావలివాడు. సూక్ష్మజీవి డి.ఎన్.ఏ. కనబడితే కేకవేయాలి, సొంత డి.ఎన్.ఏ.కు ఊరుకోవాలి. సోరియాసిస్ చర్మంలో ఎల్.ఎల్.-37 అనే చిన్న ప్రోటీను, చిట్లిన మన కణాల డి.ఎన్.ఏ.కు అంటుకొని, దానిని టోల్-9 గ్రాహకం గల కణంలోకి చేరుస్తుందని 2007లో తేలింది. కావలివాడు ఇంటివాణ్ణే దొంగ అని అరుస్తాడన్నమాట. ఆ అరుపు ఇంటర్‌ఫెరాన్. టి-కణాలు లేస్తాయి, ఐ.ఎల్.-17 అనే సంకేతాన్ని వదులుతాయి. దానిని అందుకొనే గ్రాహకం చర్మకణం మీదనే ఉన్నది! ఆ కణం పరుగు అక్కడ మొదలవుతుంది. ఈ చివరి గ్రాహకాన్ని మూసే బ్రోడాలుమాబ్ అనే మందుకు 2017లో అమెరికాలో అనుమతి లభించింది. తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ కూడా ముఖ్యంగా రక్షకకణాలపైనే పనిచేస్తుందని ఇప్పుడు శాస్త్రజ్ఞులు తలుస్తున్నారు.