మేకు చవకయ్యాకే చెక్క గోడ చవక

ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు అమెరికా తూర్పు తీరంలో ఇళ్లు కట్టుకుంటున్న కాలంలో అక్కడ అడవికి కొదవ లేదు. అయినా 1645లో వర్జీనియా శాసనసభ ఒక చట్టం చేయాల్సి వచ్చింది: పొలం విడిచి వేరే చోటికి పోయేవాళ్లు పాత ఇంటిని తగలబెట్టకూడదు. తగలబెట్టేది బూడిదలోంచి మేకులు ఏరుకుని పట్టుకుపోవడానికి. ఇల్లు కాల్చకుండా వదిలితే, దానికి ఎన్ని మేకులు పట్టి ఉంటాయో ఇద్దరు మనుషుల చేత లెక్క కట్టించి అన్ని మేకులూ ఇస్తామని ఆ చట్టమే హామీ ఇచ్చింది. కలప దండిగా దొరికితే పలకల గోడ దానంతటదే చవకవుతుందని మనం అనుకుంటాం. వర్జీనియాలో మాత్రం కలపను కాల్చి ఇనుమును దాచుకున్నారు. సామాన్యుడికి చెక్క గోడ అందుబాటులోకి రావడం వెనక ఉన్నది అడవి కాదు, మేకూ రంపమూ అని నేననడానికి మొదటి సాక్ష్యం ఇదే.

ఆనాటి మేకు కమ్మరి చేతిలో ఒక్కొక్కటిగా పుట్టేది. కడ్డీని ఎర్రగా కాల్చి, మొన సాగదీసి, తుంచి, తల కొట్టాలి. థామస్ జెఫర్సన్ 1794లో తన మాంటిసెల్లో ఎస్టేటులో మేకుల కొలిమి పెట్టించాడు. అక్కడ సుత్తి పట్టింది 10 నుంచి 16 ఏళ్ల బానిస పిల్లలు. చరిత్ర పుస్తకాలు యంత్రాల పేర్లు చెప్పి ఈ పిల్లలను దాటిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. మరుసటి ఏడే జేకబ్ పెర్కిన్స్ మేకులు కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. దుంగ పైన ఒకడు, గోతిలో ఒకడు నిలబడి లాగే రంపం పనిని నీటి మిల్లులు, తర్వాత ఆవిరి మిల్లులు అందుకున్నాయి. 1830లలో షికాగోలో బెలూన్ ఫ్రేమ్ పద్ధతి వచ్చింది. దూలం చివర చెక్కి మరో దూలం రంధ్రంలో బిగించే నేర్పు అక్కర్లేదు. సన్నని కర్రలు నిలబెట్టి, వాటికి పలకలు వేసి మేకులు కొడితే గోడ లేచేది.

మిషిగన్, విస్కాన్సిన్ పైన్ అడవులు లేకుంటే షికాగో ఎక్కడిదని అడగవచ్చు. ఆ కలప సరస్సు మీద ఓడల్లో వచ్చి పడిన మాట నిజమే. కానీ కలప దండిగా ఉండటమే అసలు కారణమైతే, అడవి పక్కన స్థిరపడ్డ బీదవాళ్లు దుంగల గుడిసెలు ఎందుకు కట్టుకున్నారు? దుంగల గోడకు కలప ఎన్నో రెట్లు పడుతుంది, మేకులతో మాత్రం దాదాపు పని లేదు. అదే, చెట్లు అరుదైన ఇల్లినాయి గడ్డి మైదానాల్లో పలకల ఇళ్లు వరసగా లేచాయి. పలుచగా కోసిన కలపను ఓడా రైలూ ఎంత దూరమైనా మోయగలిగాయి మరి.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది: అంత సులువుగా కాలిపోయేదాన్ని చవక అనవచ్చా? 1871 అక్టోబరు 8 రాత్రి అంటుకున్న మంటల్లో షికాగోలో సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మంది నిలువ నీడ కోల్పోయారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మేకూ రంపమూ ఇల్లు కట్టుకునేవాడి ఖర్చు తగ్గించాయి కానీ, మిగతా ఖర్చును ఇతరుల మీదికి నెట్టాయి. అదే రాత్రి విస్కాన్సిన్‌లో, సామిల్లు ఊరైన పెష్టిగో చుట్టూ చెట్లు నరికి వదిలేసిన కొమ్మారెమ్మా ఎండి అంటుకున్నాయి. ఆ మంటల్లో 1,000 మందికి పైగా పోయారు. ఫలానా అని గుర్తుపట్టేవాళ్లు కూడా మిగలక, దాదాపు 350 మందిని ఒకే గోతిలో పూడ్చారు.