బుర్రకథ ధ్వనిముద్రణలో మైక్రోఫోన్ల అమరిక
తంబురా మీటే కథకుడి గొంతును, ఇరుపక్కల గుమ్మెటలతో వంతలు అందించే తాళాన్ని సమతూకంలో పట్టే పద్ధతి ఇది. కథకుడికి దాదాపు 30 సెం.మీ. దూరంలో, నోటికి కాస్త పైగా కార్డియాయిడ్ కండెన్సర్ మైకు నిలుపుతారు. కిందికి దించితే బొటనవేలి అందెల చప్పుడు మాటను మింగేస్తుంది. గుమ్మెటల దెబ్బకు డైనమిక్ మైకులు తట్టుకుంటాయి. మైకుల నడుమ ఎడం, మైకుకూ గొంతుకూ ఉన్న దూరానికి 3 రెట్లు ఉండాలన్నది స్టూడియో నియమం. అడుగులేస్తూ ఆడే దళానికి అది అరుదుగా కుదురుతుంది. అమెరికా బ్లూగ్రాస్ బృందాలు ఒకే మైకు చుట్టూ చేరి, వంతు వచ్చినవారు ముందుకు జరిగే పద్ధతే ఇలా కదిలే దళానికి దగ్గర.