జీపునకు కన్నవారెవరు?

పల్లెటూరి బాటలలో ధూళి రేపుచు జీపు వచ్చిన దినములను పెద్దవారు మఱచియుండరు. 1952లో సమాజాభివృద్ధి ప్రణాళిక ఆరంభమైన పిదప బ్లాకు అధికారి రాకకు అదియే గుర్తు. ఎన్నికల కాలమున మైకు కట్టుకొని ఊరూరు తిరిగినదియు అదియే. ఆ బండ్లలో పెక్కు బొంబాయిలో మహీంద్రా వారు కూర్చినవి; యుద్ధకాలపు జీపునకు సంతానము. ఆ మొదటి జీపును కనిపెట్టినదెవరని అడిగినచో మాత్రము జవాబు అంత సులభముగా చిక్కదు. ఈ ప్రశ్న మాకు ఏ గ్రంథములోను ఎదురుకాలేదు. ఒక బోల్టు తలమీద ఎదురైనది.

రెండవ ప్రపంచయుద్ధము నాటి పాత జీపు నొకదానిని మేమును మా మిత్రుడొకరును కలసి కొంటిమి. విల్లీస్ బండి యని చెప్పి అమ్మిరి. ఛాసిస్ ముందుభాగపు అడ్డుకమ్మీ గుండ్రని గొట్టమై యుండుటచే మేమును అట్లే నమ్మితిమి. ఫోర్డు వారి జీపులో ఆ చోట బోర్లించిన తొట్టివంటి కమ్మీ యుండును. ఎన్ని పొరల రంగు గీకితిమో లెక్క లేదు. రాత్రియంతయు కిరసనాయిలులో నానవేసిన బోల్టులను తుడిచి చూడగా, కొన్నింటి తలలపై ఇంగ్లీషు 'ఎఫ్' అక్షరము బయటపడినది. అది ఫోర్డు కంపెనీ తన భాగములపై వేసికొన్న ముద్ర. "ఇది ఒక్క తల్లి బిడ్డ కాదండీ," అని మా మేస్త్రీ నవ్వినాడు. అతడు ఎరుగకయే చరిత్ర చెప్పినాడు.

1940 జూన్‌లో ఫ్రాన్సు లొంగిపోయినది. జూలైలో అమెరికా సైన్యమువారు 135 కంపెనీలకు లేఖలు పంపిరి. నాలుగు చక్రములకును ఇంజను బలమందు తేలికబండి కావలెను. మొదటి నమూనా 49 దినములలో చేతికందవలెను. పెద్ద కంపెనీలు ఈ గడువును చూచి వెనుదీసినవి. పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లర్ అను చిన్న పట్టణములో బాంటం అను కంపెనీ యుండెను. చిన్న కార్లు చేసి, అవి అమ్ముడుపోక, మూతపడుటకు సిద్ధముగా నుండెను. పోగొట్టుకొనుటకు ఏమియు లేనివానికే సాహసము చెల్లును గదా! వారు డెట్రాయిట్ నుండి కార్ల్ ప్రాబ్స్ట్ అను ఇంజనీరును రప్పించిరి. ఆయన రెండు దినములలో పటములు గీసెను. సెప్టెంబరు 23వ తేదీన బండిని రోడ్డుమీదనే నడుపుకొనుచు మేరీలాండులోని హోలబర్డ్ సైనిక శిబిరమునకు కొనిపోయిరి. గడువు సాయంకాలము 5 గంటలు. వారు అరగంట ముందుగా చేరిరి.

బండి సైన్యమువారికి నచ్చినది. బాంటం స్తోమతపై మాత్రము నమ్మకము కుదరలేదు. ఆ పటములను విల్లీస్, ఫోర్డు కంపెనీల కందనిచ్చిరి. విల్లీస్ వారి ఇంజను 60 అశ్వశక్తి కలది, తక్కిన రెంటికంటె బలమైనది. 1941లో పెద్ద కాంట్రాక్టు వారికి దక్కెను. ఆ ఏడాదియే అదే నమూనాపై ఫోర్డు వారును చేయుటకు ఒప్పందమాయెను. యుద్ధము ముగియునాటికి ఈ ఇరువురును కలసి 6 లక్షలకు పైగా జీపులు చేసిరి. బాంటం వారి పాలబడినవి 3 వేల లోపే. ఆపై వారు జీపు వెనుక తగిలించు ట్రెయిలర్లు చేసికొనుచు బ్రదికిరి. జీపును సృష్టించినది తామేయని విల్లీస్ వారు ప్రకటనలలో చాటుకొనగా, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపి, ఆ ఆలోచన బాంటం వారును కొందరు సైనికాధికారులును కలసి కల్పించినదని 1948లో తీర్పు చెప్పెను. అయినను 1950లో 'జీప్' అను పేరు విల్లీస్ వారి పేరుననే రిజిస్టరైనది. తీర్పు ఒకరికి, పేరు మరొకరికి!

ఇంతకును మనము చూడగానే గుర్తుపట్టు ఆ ముఖము, రేడియేటరు ముందరి నిలువు సందుల రేకు, ఫోర్డు వారి కల్పన. విల్లీస్ వారు మొదట ఇనుపకమ్మీలను వెల్డింగు చేసి పెట్టెడివారు. 1942లో తామును ఆ రేకునే అవలంబించిరి.

మా బోల్టుల సంగతికి వత్తము. విల్లీస్ బండిలో విల్లీస్ బోల్టులే యుండవలెననియు, 'ఎఫ్' గుర్తు కలవాని నన్నిటిని తీసిపారవేయవలెననియు మా మిత్రుని పట్టుదల. లేనిచో ఎరిగినవారు నవ్వుదురట. మేము అంగీకరింపలేదు. ఒకరి భాగము మరొకరి బండికి సరిపోవలెననియే గదా సైన్యము కోరినది? యుద్ధకాలపు మరమ్మతు షెడ్డులలో చేతికందిన భాగమును బిగించి బండిని మరల పంపెడివారు. ఈ బోల్టులును అట్లు వచ్చినవే కావచ్చును. వానిని తీసివేసినచో బండి కారఖానాలో పుట్టిన దినము మిగులును, అది బ్రదికిన దినములు పోవును. మాటలు పెరిగినవి. ఒక వారము మా మిత్రుడు షెడ్డు వైపునకు రాలేదు. తుదకు మేస్త్రీయే తగవు తీర్చినాడు: మరలు అరిగినవానిని మార్చుట, మంచివానిని ఉంచుట. అరిగినవానిలో రెండు జాతులవియు నుండినవి.

నడుపుట వేరొక విద్య. పెట్రోలు తొట్టి నడుపువాని ఆసనము క్రిందనే యుండుటచే చుట్ట కాల్చువారిని ప్రక్కన కూర్చుండనీయరాదు. విద్యుత్తు 6 వోల్టులదే గనుక దీపముల వెలుగు సందెచీకటికి మాత్రము చాలును. మొదటి గేరులోనికి దిగునపుడు క్లచ్చి రెండుమారులు త్రొక్కనిచో పండ్లు కీచుమనును. మొదటి పరీక్షకు చెఱువుగట్టు నేరుకొంటిమి. ముందుచక్రములకును బలమిచ్చు మీట వేసి, బలపు గేరులో పెట్టి మా మిత్రుడు నడుపగా, బండి తొందరపడక, జాఱక, ఎద్దువలె గట్టెక్కినది. మేస్త్రీ మాత్రము బండిని చూడలేదు. అది నిలిచిన చోట నేలను చూచుచుండెను. గేరుపెట్టె క్రింద నూనె చుక్కలు పడుచుండెను. మరునాడు దాని బోల్టులను మరల విప్పితిమి.